తిరుపతిలో హాస్టల్ వదిలి బయట బాడుగకు ఉండాలా? లెక్క వేయడం నుంచి ఖాళీ చేసేదాకా

జూన్ వచ్చిందంటే జూనియర్ల నుంచి ఒకటే ప్రశ్న: "అన్నా, హాస్టల్ వదిలేసి ముగ్గురం కలిసి బయట ఇల్లు తీసుకుందామనుకుంటున్నాం. బాడుగ ఎంతుంటుంది?"

బాడుగ గురించి తర్వాత. ఎవరెవరు కలిసి ఉంటున్నారు, ఏడాదిలో ఎన్ని నెలలు ఉంటారు, ఆ ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ముందు ఈ మూడూ తేలాలి. ఇవి తేల్చుకోకుండా అడ్వాన్స్ కట్టినవాళ్లు దసరాకల్లా ఒకరితో ఒకరు మాట్లాడుకోని స్థితికి రావడం చాలాసార్లు చూశాను. అందుకే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది వరుసగా రాస్తున్నాను. వరుస తప్పకండి. ముఖ్యంగా 3వ అంచె అయ్యేదాకా ఇల్లు చూడ్డానికి వెళ్లకండి.

## 1. ఎందుకు బయటికి వస్తున్నారో కాగితం మీద రాయండి

ఒక్క వాక్యం చాలు. "మెస్ తిండి పడటం లేదు", "రాత్రి చదువుకోవడానికి గది ప్రశాంతంగా లేదు", "గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను", "అక్క కూడా ఇక్కడే చేరింది, ఇద్దరం కలిసి ఉంటాం". కారణం ఇంత స్పష్టంగా ఉంటే ఎలాంటి ఇల్లు కావాలో దానంతటదే తేలిపోతుంది. "ఫ్రీగా ఉంటుంది" అని మాత్రమే రాయగలిగితే ఇంకో సెమిస్టర్ ఆగండి.

బయట ఉండటం ఎక్కువగా కలిసొచ్చేది పీజీ రెండో ఏడాదివాళ్లకు, రీసెర్చ్ స్కాలర్లకు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు, ఆరోగ్యరీత్యా పథ్యం తినాల్సినవాళ్లకు, ఒకే ఊళ్లో చదివే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు.

మొదటి ఏడాది డిగ్రీ, బీటెక్ పిల్లలు హాస్టల్లోనే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. సీనియర్లు, నోట్సు, కాలేజీ కబుర్లు, జ్వరమొస్తే తోడు, అన్నీ అక్కడే దొరుకుతాయి. పైగా ఎవరితో కలిసి ఉండగలరో తెలిసేది ఆ ఏడాదిలోనే. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ విద్యార్థులకు క్యాంపస్‌లోనే వసతి ఉంటుంది. వాళ్లు ఊళ్లో ఇల్లు తీసుకుంటే రోజూ ప్రయాణానికే ఒళ్లు హూనమవుతుంది.

స్కాలర్‌షిప్ మీద చదివేవాళ్లు ఒక్క పని తప్పకుండా చేయండి. హాస్టల్ విద్యార్థికి, డే స్కాలర్‌కు వచ్చే మెయింటెనెన్స్ డబ్బులో తేడా ఉంటుంది. హాస్టల్ ఖాళీ చేస్తున్నట్టు సంతకం పెట్టకముందే కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో మీ కేటగిరీ ఎలా మారుతుందో, మధ్యలో మారితే ఆ ఏడాది డబ్బు ఏమవుతుందో కనుక్కోండి.

ఈ అంచెలో తేలాల్సినవి
- కారణం ఒక్క వాక్యంలో
- కోర్సు ఇంకా ఎన్ని నెలలు ఉంది
- స్కాలర్‌షిప్ మీద ప్రభావం
- మళ్లీ హాస్టల్‌కు రావాలంటే సీటు ఇస్తారా, లేదా
- ఇంట్లో పెద్దవాళ్ల ఒప్పుకోలు (అడ్వాన్స్ కట్టేది వాళ్లే కదా)

## 2. బాడుగ ఒక్కటే కాదు, మొత్తం ఖర్చు లెక్క వేయండి

హాస్టల్ ఫీజును ఇంటి బాడుగతో పోల్చేసి "బయటే చవక" అనుకోవడం అందరూ చేసే పొరపాటు. హాస్టల్ ఫీజులో గది, కరెంటు, నీళ్లు, మూడు పూటల తిండి, వంట చేసే మనిషి కష్టం అన్నీ కలిసే ఉంటాయి.

ముగ్గురు కలిసి రెండు బెడ్‌రూమ్‌ల పోర్షన్ తీసుకున్నారనుకుందాం. ఈ అంకెలు లెక్క చూపించడానికి వేసినవే. మీకు దొరికే ఇంటిని బట్టి మార్చుకోండి.

- బాడుగ: 12,000
- మెయింటెనెన్స్, మోటారు: 600
- కరెంటు: 1,200
- తాగే నీళ్ల క్యాన్లు: 600
- గ్యాస్: 600
- ఇంటర్నెట్: 700
- బియ్యం, పప్పులు, కూరగాయలు, పాలు: 7,500
- బయట తిండి: 3,000
- బస్సు, ఆటో, పెట్రోలు: 1,800

మొత్తం 28,000. తలా సుమారు 9,330. దీన్ని హాస్టల్ నెల ఖర్చు పక్కన పెట్టి చూడండి.

ఇక్కడితో ఆపొద్దు. ఇంకో రెండు లెక్కలున్నాయి.

ఒకరు వెళ్లిపోతే? బాడుగ, మెయింటెనెన్స్, ఇంటర్నెట్ కలిపి 13,300. మనుషులు తగ్గినా ఇవి తగ్గవు. ముగ్గురికి తలా 4,433 పడేది ఇద్దరయ్యేసరికి 6,650 అవుతుంది. అంటే ఒక్కొక్కరికీ నెలకు 2,200 పైచిలుకు అదనం. రెండు నెలలపాటు ఆ భారం మోయగలరా? మోయలేమంటే ఇంకా తక్కువ బాడుగ ఇల్లు చూడాలి.

సెలవుల్లో? ఎండాకాలం రెండు నెలలు ఊరికి వెళ్లినా బాడుగ కట్టాల్సిందే. పై లెక్కలో అది 24,000. ఇల్లు తాళం వేసి ఉండగా తలా ఎనిమిది వేలు పోయినట్టే.

మొదటి నెలలో ఒక్కసారిగా పెట్టాల్సినవి వేరే: అడ్వాన్స్ (రెండు నెలలది అడిగేవాళ్లున్నారు, మూడు నెలలది అడిగేవాళ్లూ ఉన్నారు), బ్రోకర్ కమిషన్, స్టవ్, కుక్కర్, గిన్నెలు, బకెట్లు, పరుపులు, సామాన్ల ఆటో. పాత సామాను కోసం కోర్సు అయిపోయి వెళ్లే సీనియర్లను ఏప్రిల్, మే నెలల్లోనే పట్టుకోండి. పరుపు, చదువుకునే బల్ల, మిక్సీ, ఒక్కోసారి ఇల్లు కూడా వాళ్ల దగ్గరే దొరుకుతాయి.

## 3. ఇల్లు చూసే ముందు రూమ్మేట్లను తేల్చుకోండి

బయట ఉండటంలోని మంచి చెడులు సగం రూమ్మేట్లను బట్టే ఉంటాయి. ఇంట్లో కుళాయి పాడైతే బాగు చేయించవచ్చు. గిన్నెలు కడగని మనిషిని మార్చడం కష్టం. ప్రాణ స్నేహితులతోనే ఉండాలనీ లేదు. డబ్బు విషయంలో మాట మీద నిలబడేవాడు, నిద్ర వేళలు మీతో కలిసేవాడు చాలు.

ముగ్గురైతే బాగుంటుంది. ఇద్దరిలో ఒకరు ఊరెళితే రెండోవాళ్లు ఒంటరి. నలుగురు, ఐదుగురు అయితే వచ్చిపోయేవాళ్లు పెరిగి ఓనరుతో పేచీ మొదలవుతుంది.

అందరూ కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పుకోండి. మొహమాటం వద్దు. ఇవాళ అడగడానికి ఇబ్బందిపడితే అక్టోబరులో ఇదే విషయం మీద గొడవ పడతారు.

- నెల బాడుగ ఏ తేదీకి ఇవ్వగలవు? ఇంటి నుంచి డబ్బు ఆలస్యమైతే ఏం చేస్తావు?
- రాత్రి ఎన్నింటికి పడుకుంటావు? చదివేటప్పుడు లైటు, ఫోను మాటలు పర్వాలేదా?
- వంట వచ్చా? రాకపోతే కూరగాయలు, గిన్నెలు, చెత్త నువ్వు చూసుకుంటావా?
- ఇంట్లో మాంసం వండటం మీద అభ్యంతరం ఉందా?
- సిగరెట్, మందు సంగతేంటి?
- ఊరి నుంచి స్నేహితులు వస్తే ఎన్ని రాత్రులు ఉండవచ్చు?
- మధ్యలో వెళ్లిపోతే నీ బదులు మనిషిని చూపిస్తావా?

చివరి ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకోండి. "వెళ్లే మనిషి నెల ముందు చెప్పాలి, బదులు మనిషిని చూపించాలి, లేకపోతే ఒక నెల వాటా ఇచ్చి వెళ్లాలి" అని గ్రూపులో మెసేజ్ పెట్టి అందరిచేతా "సరే" అనిపించుకుంటే అదే సాక్ష్యం.

## 4. ఏరియా ఎంచుకోవడం

ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం), పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృత విశ్వవిద్యాలయం వైపు చదివేవాళ్లు బాలాజీ కాలనీ, ఎస్వీ నగర్, ఎమ్మార్ పల్లి, ఎయిర్ బైపాస్ రోడ్డు చుట్టుపక్కల ముందు చూడాలి. మెడికల్ కాలేజీ, స్విమ్స్ ఆసుపత్రి వాళ్లకు రాత్రి డ్యూటీలుంటాయి. నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే బాడుగ కొంచెం ఎక్కువైనా నష్టం లేదు. రంగంపేట వైపు కాలేజీలవాళ్లు ముందు కాలేజీ బస్సు ఏ రూటులో వస్తుందో చూసి, ఆ స్టాపుకు దగ్గరలో వెతకండి.

దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా నిమిషాల్లో కొలవండి. అదీ ఆదివారం పొద్దున కాదు, సోమవారం ఎనిమిదిన్నరకు. బస్సు పాసుతో ఖర్చు తగ్గుతుంది. మన రాష్ట్రపు ఆడపిల్లలకైతే 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. బస్సు రూటు మీద ఇల్లు దొరికితే ఆ మేరకు కొంచెం దూరమైనా సరిపోతుంది. కానీ చివరి బస్సు ఎన్నింటికో, స్టాపు నుంచి ఇంటిదాకా వీధిలైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకోవాలి.

మన ఊరికి మాత్రమే ఉన్న సంగతులు కొన్ని.

రద్దీ. బ్రహ్మోత్సవాలప్పుడు, అందులోనూ ఐదో రోజు గరుడసేవకు, మళ్లీ వైకుంఠ ఏకాదశికి అలిపిరి దారులన్నీ కిక్కిరిసిపోతాయి. తిరుచానూరు వైపు కార్తీక మాసంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలు, పంచమీతీర్థం రోజు ఇంకా రద్దీ. మీ దారి వీటి మీదుగా అయితే పరీక్షల తేదీలు చూసుకుని ప్రత్యామ్నాయ దారి తెలుసుకుని ఉండండి.

రోజు అద్దె గదులు. బస్టాండు, రైల్వే స్టేషన్, అలిపిరి దగ్గర కొన్ని ఇళ్లలో పక్క పోర్షన్లను యాత్రికులకు రోజువారీగా ఇస్తుంటారు. రోజుకో కొత్త కుటుంబం, తెల్లవారుజామున సామాన్ల చప్పుడు, మెట్ల మీద తెలియని మనుషులు. చదువుకునేవాళ్లకు అలాంటి ఇల్లు పనికిరాదు.

కల్యాణ మండపం. వంద గజాల్లో మండపం ఉంటే ముహూర్తాల రోజుల్లో మైకు మోత తప్పదు.

వాన. మనకు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లోనే. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు ఎలా మునిగాయో పాత కాపురస్తులకు బాగా గుర్తుంది. ఓనరును అడిగితే "మాకేం రాలేదు" అంటాడు. పక్క వీధి చిల్లర కొట్టాయన్ని "అప్పుడు ఈడ నీళ్లు ఎందాకా వచ్చినాయన్నా?" అని అడగండి. మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తే గ్రౌండ్ ఫ్లోరు వదిలేయండి. వెస్ట్ చర్చి వైపు రైల్వే అండర్ బ్రిడ్జి లాంటివి మీ దారిలో ఉంటే గట్టి వాన రోజున అటు వెళ్లకూడదని ముందే అనుకోండి. అక్కడ నీళ్ల లోతు పైనుంచి చూస్తే తెలియదు.

## 5. వెతకడం

టు-లెట్ బోర్డుల కోసం పొద్దున్నే నడవండి. బండి మీద వెళ్తే సగం బోర్డులు కనబడవు. ఇస్త్రీ బండి ఆయన, పాలబూత్ ఆమె, అపార్ట్‌మెంటు వాచ్‌మన్, ఈ ముగ్గురికీ తెలియని ఖాళీ ఇల్లు ఆ వీధిలో ఉండదు.

ఆషాఢ మాసంలో కుటుంబాలు ఇల్లు మారవు. సరిగ్గా జూన్ చివర, జూలైలో మీరు వెతికేటప్పుడే కొన్ని పోర్షన్లు ఖాళీగా ఉండిపోతాయి. బేరమాడటానికి అదే అదను.

"బ్యాచిలర్స్‌కు ఇవ్వం" అన్న మాట చాలాసార్లు వినాల్సి వస్తుంది. ఒక్కసారి మాట్లాడే అవకాశం అడగండి. ముగ్గురిలో ఒకరి అమ్మానాన్నలు వచ్చి మాట్లాడితే పది ఇళ్లలో కుదరనిది పదకొండో ఇంట్లో కుదురుతుంది. కులం అడిగి వెనక్కి పంపే ఇళ్లూ ఉన్నాయి. ఇది తప్పే, బాధ కలిగించేదే. ఆ ఇంట్లో చేరినా మనశ్శాంతి ఉండదు. అబద్ధం చెప్పి చేరకండి, వేరే ఇల్లు చూసుకోండి.

ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి "టోకెన్ పంపితే ఇల్లు మీకే ఉంచుతాను" అన్న ఏ మనిషికీ రూపాయి పంపవద్దు. "క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకే వస్తుంది" అంటే అది పక్కా మోసం. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే కొడతాం, తీసుకోవడానికి అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

## 6. ఇంటిని పరీక్షించడం

ఏ ఇంటినైనా రెండుసార్లు చూడండి: మధ్యాహ్నం ఎండలో ఒకసారి, రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి. వేడి, గాలి మొదటిసారి తెలుస్తాయి. చప్పుడు, వీధికుక్కలు, లైట్లు రెండోసారి.

నీళ్లు. మొదట చూడాల్సింది ఇదే. మునిసిపల్ కుళాయి ఉందా, బోరు ఒక్కటేనా? కుళాయి నీళ్లు ఏ రోజుల్లో, ఎంతసేపు వస్తాయి? ఎండాకాలంలో ట్యాంకరు తెప్పిస్తే డబ్బు ఎవరిది? ఈ ప్రశ్నలు ఓనరును కాదు, పక్క పోర్షన్లో కాపురముండే ఆమెను అడగండి.

తర్వాత సంపు మూత తీయించి సెల్‌ఫోన్ టార్చి వేసి చూడండి. అడుగున బురద ఎంతుందో, గోడకు పగుళ్లున్నాయో కనబడుతుంది. బాత్‌రూమ్ కుళాయి మూతి చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి ఉంటే నీళ్లు బాగా ఉప్పన్నమాట. మగ్గులో నీళ్లు పట్టి చేతికి సబ్బు రుద్దండి. ఎంత రుద్దినా నురగ రాకుండా జిగటగా ఉంటే జుట్టు, బట్టలు, గీజరు కాయిల్ అన్నీ పాడవుతాయి. అలాంటి ఇంట్లో వంటకు కూడా క్యాన్ నీళ్లే వాడాలి కాబట్టి ఆ ఖర్చు పెంచి వేసుకోండి.

కరెంటు. మీ పోర్షన్‌కు విడిగా విద్యుత్ శాఖ మీటరు ఉందా, ఓనరు పెట్టించిన సబ్‌మీటరేనా? ఇది వందల రూపాయల తేడా. మన రాష్ట్రంలో 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75.

మీరు 150 యూనిట్లు కాల్చారనుకోండి. విడి మీటరైతే కరెంటు చార్జీ 567 రూపాయలు. అదే ఒక మీటరు మీద రెండు పోర్షన్లుండి మొత్తం 300 యూనిట్లయితే బిల్లు 1,673. అందులో సగం మీ వాటా అంటే సుమారు 837. కాల్చింది అంతే, కట్టేది 270 ఎక్కువ. ఇతర చార్జీలు, సర్దుబాట్లు దీని మీద అదనం.

సబ్‌మీటరే అయితే యూనిట్‌కు ఎంతో ముందే మాట్లాడి అగ్రిమెంటులో రాయించండి. విడి మీటరైతే సర్వీస్ నంబర్ ఫోన్‌పేలో కొట్టి పాత బాకీ ఉందేమో చూడండి.

అంచనాకు: 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ గంట పూర్తి వేడి మీద వాడితే 2 యూనిట్లు. అంతే వాట్ల గీజరు అరగంటకు 1 యూనిట్. 75 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్.

వేడి. మిద్దె పైన చివరి అంతస్తు చవకగా వస్తుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదకొండింటికి కూడా గోడ ముట్టుకుంటే వేడిగానే ఉంటుంది. బాడుగ తగ్గింపు మరీ ఎక్కువైతే తప్ప వద్దు. తీసుకుంటే మిద్దె మీద తెల్ల కూలింగ్ పెయింట్ వేయించమని ముందే అడగండి.

కోతులు. కపిలతీర్థం, అలిపిరి వైపు కొండ దగ్గరి ఇళ్లలో కిటికీలకు జాలీ లేకపోతే వంటింట్లో ఏదీ మిగలదు.

ఇంకా చూసుకోవాల్సినవి
- ప్రతి కుళాయి, ఫ్లష్, స్విచ్చు వేసి చూడటం
- బాత్‌రూమ్‌లో బకెట్ నీళ్లు పోసి ఎంతసేపట్లో దిగుతున్నాయో చూడటం
- సీలింగ్‌లో, బీరువా వెనక గోడలో చెమ్మ మరకలు
- చదువుకునే మూలలో ఫోన్ సిగ్నల్
- తలుపు గడియలు, కొత్త తాళం వేసుకోనిస్తారా
- గేటు ఎన్నింటికి వేస్తారు, తాళం చెవి ఇస్తారా
- బండి పెట్టే చోటు, బట్టలు ఆరేసే చోటు

ఆడపిల్లలు ఓనరు కుటుంబం అదే బిల్డింగులో ఉండే ఇల్లు చూసుకుంటే కొంత ధైర్యం. అయితే ఓనరు వేళాపాళా లేకుండా లోపలికి వచ్చే అలవాటున్నవాడా అన్నది పాత అద్దెవాళ్లను అడిగి తెలుసుకోండి. రిపేరుకు వచ్చినా ముందు ఫోన్ చేసి, మీరు ఉన్నప్పుడే రావాలన్నది మొదటి రోజే మర్యాదగా చెప్పండి.

## 7. మాట, అగ్రిమెంటు

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకే రాస్తారు. 11 నెలల కాగితమైనా మీకు రక్షణే. "మనం మనం మాట్లాడుకున్నాం కదా నాయనా, కాగితాలెందుకు?" అంటే, "అడ్రస్ ప్రూఫ్‌కు కాలేజీలో అడుగుతున్నారు అంకుల్" అని చెప్పి రాయించుకోండి. కాలేజీవాళ్లు నిజంగానే అడగవచ్చు.

ఇంటి ఒప్పందం మీద సంతకానికి 18 ఏళ్లు నిండి ఉండాలి. నిండకపోతే అమ్మానాన్నల్లో ఒకరు సంతకం పెట్టాలి. ముగ్గురి పేర్లూ ఉండేలా చూడండి. ఒక్కరి పేరే ఉంటే మిగతా ఇద్దరూ తప్పుకున్నా మొత్తం బాకీ అతని నెత్తినే.

కాగితంలో తప్పక ఉండాల్సినవి
- బాడుగ, ఏ తేదీలోపు, పెంచితే ఎప్పుడు, ఎంత
- అడ్వాన్స్ మొత్తం, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు
- పెయింటింగ్‌కు పట్టుకుంటారా, పట్టుకుంటే ఎంత
- కరెంటు, నీళ్లు, ట్యాంకరు, మెయింటెనెన్స్ ఎవరివి
- రిపేర్లు: పైపులు, మోటారు, వైరింగ్ ఓనరువి, బల్బులు, మీరు పగలగొట్టినవి మీవి
- నోటీసు: ఇరువైపులా ఒక నెల
- చేరే రోజు మీటరు రీడింగ్

నోటీసు సంగతి కాగితంలో లేకపోతే నెలవారీ బాడుగకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు సరిపోతుంది. అంటే ఓనరు కూడా మిమ్మల్ని 15 రోజుల్లో ఖాళీ చేయమనవచ్చు. పరీక్షల ముందు ఆ టెన్షన్ వద్దు కాబట్టి నెల అని రాయించడం మేలు.

అడ్వాన్స్ నగదుగా ఇవ్వకండి, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపండి. ఆధార్ కాపీ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని, కాపీ మీద "ఇంటి బాడుగ నిమిత్తం" అని తేదీతో రాసి ఇవ్వండి.

## 8. చేరిన మొదటి వారం

సామాను దింపకముందే, ఖాళీ ఇంట్లో వీడియో తీయండి. గోడల మీద మేకులు, పగిలిన టైలు, విరిగిన స్విచ్చు, మీటరు అంకె అన్నీ దగ్గరగా. తీసిన వెంటనే ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. ఏడాది తర్వాత అడ్వాన్స్ దగ్గర అదే మిమ్మల్ని కాపాడుతుంది.

గ్యాస్‌కు బ్లాకు సిలిండర్ కోసం తిరగకండి. విద్యార్థులకు 5 కిలోల చిన్న సిలిండర్ ఉంది. స్థానిక అడ్రస్ ప్రూఫ్ లేకపోయినా గుర్తింపు కార్డు చూపించి తీసుకోవచ్చు. సిలిండర్ నిలబెట్టే ఉంచాలి, రాత్రి పడుకునేముందు రెగ్యులేటర్ ఆపేయాలి. వాసన వస్తే స్విచ్చు వేయడం, తీయడం రెండూ చేయకుండా కిటికీలు తెరిచి బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయాలి.

పక్కింటివాళ్లతో పరిచయం చేసుకోండి. పేరు, ఏ కాలేజీ, ఏ ఊరు, రెండు మాటలు చాలు. ఓనరు నంబరు, దగ్గరి ఆసుపత్రి, 112 ఇంటి తలుపు వెనక రాసి అంటించండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఇంటి లొకేషన్, రూమ్మేట్ల నంబర్లు పంపండి.

సీనియర్లు ఇంటికొచ్చి వేధిస్తే, క్యాంపస్ బయట కదా అని ఊరుకోనక్కర్లేదు. యూజీసీ ర్యాగింగ్ నిబంధనలు బయటి వసతికీ వర్తిస్తాయి. హెల్ప్‌లైన్ 1800-180-5522.

## 9. ఇల్లు నడపడం: తరచుగా జరిగే తప్పులు, వాటికి మందు

డబ్బు పేచీ. ప్రతి నెలా 1వ తేదీకి ముగ్గురూ సమానంగా ఉమ్మడి డబ్బు వేయండి. బాడుగ, కరెంటు, సరుకులు అందులోంచే. వంటింటి తలుపు మేకుకు ఒక నోటుపుస్తకం దారంతో కట్టి వేలాడదీయండి. తేదీ, వస్తువు, రూపాయలు, ఎవరు కొన్నారు. టమోటాలు తెచ్చి సంచి దించగానే రాసేయాలి. రాయని ఖర్చు లెక్కలోకి రాదన్నది నియమం. ఫోన్ యాప్ వాడవచ్చు కానీ, కళ్లెదురుగా వేలాడే పుస్తకాన్ని మర్చిపోవడం కష్టం.

వంట మొదటి పదిహేను రోజులే. రోజూ అన్నీ వండాలనుకుంటే ఎవరూ నిలబడలేరు. అన్నం, ఒక పప్పో పులుసో ఇంట్లో చేసుకుని, అవసరమైన రోజు కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకోండి. ఆదివారం ఊరిబిండి (రోటి పచ్చడి) ఎక్కువగా నూరి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు, మూడు పూటలు గడిచిపోతాయి. వండినవాళ్లు గిన్నెలు కడగక్కర్లేదన్న ఒక్క నియమంతో సగం గొడవలు తగ్గుతాయి.

క్లాసులకు డుమ్మా. హాస్టల్లో పక్క గదివాళ్లు లేస్తే మీకూ మెలకువ వస్తుంది. ఇక్కడ లేపేవాళ్లుండరు. బయటికి వచ్చిన మొదటి సెమిస్టర్లోనే అటెండెన్స్ పడిపోవడం మామూలే. నెలకోసారి ముగ్గురూ మీ అటెండెన్స్ శాతం ఒకరికొకరు చూపించుకోండి. 75 దగ్గరికి దిగుతున్నవాళ్లను మిగతా ఇద్దరూ పొద్దున్నే లేపి తీసుకెళ్లాలి.

ఓనరుతో మాట పట్టింపు. రిపేరు సంగతి ఫోన్లో చెప్పాక ఫొటోతో మెసేజ్ కూడా పెట్టండి. బాడుగ ఆలస్యమవుతుందనుకుంటే తేదీకి ముందే చెప్పండి. తేదీ దాటాక చెప్పిన కారణాన్ని ఎవరూ నమ్మరు.

ఒంట్లో బాగాలేకపోవడం. ఒకరికి జ్వరమొస్తే మిగతావాళ్లు ఊరెళ్లకూడదు. రెండో రోజుకీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, ఇంటికి కబురు పెట్టాలి. ఇది ముందే అనుకోండి.

## 10. ఖాళీ చేయడం

నెల ముందు నోటీసు మెసేజ్‌లో ఇవ్వండి. "చివరి నెల బాడుగ అడ్వాన్స్‌లో పట్టుకోండి" అనే ఏర్పాటుకు ఓనరు ఒప్పుకుంటే మీకే మంచిది, తర్వాత తిరగాల్సిన పని తగ్గుతుంది.

చివరి వారం మేకులు పీకి, రంధ్రాలకు లప్పం పెట్టి, బాత్‌రూమ్ కడిగి, చేరిన రోజు తీసిన వరుసలోనే మళ్లీ వీడియో తీయండి. మీటరు చివరి రీడింగ్ ఓనరు ఎదురుగా చూపించి, లెక్క అక్కడికక్కడే కాగితం మీద వేసి ఇద్దరూ సంతకం పెట్టండి. అడ్వాన్స్‌లో పట్టుకునే ప్రతి రూపాయికీ కారణం అడగండి. గోడ రంగు కాలంతో వెలిసిపోతే అది మీ తప్పు కాదు.

- ఇంటర్నెట్ కనెక్షన్ రద్దు, రూటర్ వాపసు
- బ్యాంకులో, కాలేజీలో అడ్రస్ మార్పు
- పాలు, క్యాన్ నీళ్లు, చిల్లర కొట్టు బాకీలు
- ఉమ్మడి సామాను ఎవరికి ఎంతకు అన్న లెక్క
- తాళం చెవులు అన్నీ ఇచ్చినట్టు ఓనరు నుంచి మెసేజ్

అడ్వాన్స్ చేతికి రాకముందే తాళం చెవులన్నీ ఇచ్చేయాల్సి వస్తే, ఎప్పటిలోపు ఎంత పంపుతారో ఆ మెసేజ్‌లోనే రాయించుకోండి.